నీలగిరి చెట్ల కింద చెప్పుల చప్పుడు

సరూర్‌నగర్ చెరువు వెనక, పాడుబడ్డ గోదాము పక్కన నీలగిరి చెట్ల వరసొకటి ఉండేది. పొద్దుగూకితే అటు కుక్క కూడా పోదని పేరు. అక్కడ తెల్లచీర కట్టుకున్న మనిషి నిలబడి ఉంటుందట... చెట్టుకు నెత్తురు కారుతుందట... గాలి లేకపోయినా ఎవరో చీర ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడవుతుందట. చూసినవాళ్లెవరని మాత్రం అడగకండి. దెయ్యాన్ని చూసినవాడు ఎప్పుడూ పక్క గల్లీవాడే అయి ఉంటాడు.

ఈ మాటలకు విశ్వేశ్వరరావు మాస్టారు నవ్వేవాడు. ఎల్బీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బాటనీ చెబుతాడాయన. భీమవరం వైపు మనిషి, ఆ చెట్లను జామాయిల్ అంటాడు. రోజూ పొద్దున్నే ఆయనతో వాకింగ్‌కొచ్చే చీరల కొట్టు దశరథది పోచంపల్లి, నీలగిరి అంటాడు. పేరు ఏదైతేనేం, ఆ చెట్ల కిందే ఇద్దరికీ స్నేహం కుదిరింది.

"తెల్లచీర కాదయ్యా, అది నిమ్మవాసన రకం. మాను నున్నగా, సున్నం కొట్టినట్టుంటుంది. చీర చప్పుడంటావా, ఇదిగో, ఈ రకం బెరడు పేలికలుగా ఊడి వేలాడుతుంది. ఆ గరుకు బెరడు రకానికి గాటు పడితే ఎర్రబంక కారుతుంది, అదే నీ నెత్తురు. భయపడాల్సింది ఒక్కదానికే. ఈ పేలికల రకం గాలి లేకుండానే కొమ్మ పడేస్తుంది," అని మాస్టారు పాఠం చెబుతుంటే దశరథ "ఔనా సారూ" అంటూ వినేవాడు.

ఉద్యమం రోజుల్లో ఆ స్నేహం ఒక్క టీ దగ్గర తెగిపోయింది. "విడిపోతే మేమెటు పోవాలి?" అన్నాడు మాస్టారు. "మిమ్ముల ఎవరు పొమ్మన్నరు? మా రాష్ట్రం మాకియ్యమంటున్నం," అన్నాడు దశరథ. మాటా మాటా పెరిగింది. చివరికి దశరథ గ్లాసు పక్కన పెట్టి, "తెలంగాణ ఒచ్చేదాంక నీతోని మాట్లాడితే మా నాయిన మగ్గం మీద ఒట్టు!" అనేసి వెళ్లిపోయాడు. నేతపనివాళ్లకు మగ్గం మీద ఒట్టంటే ఆషామాషీ కాదు.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. మాస్టారి భార్య విజయవాడలో చెల్లెలి దగ్గరే ఉండిపోయింది. ఆయన సాయంత్రం క్లాసు ముగించి, చీకట్లో ఆ చెట్ల మీదుగా నడిచొచ్చేవాడు. ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు. అంత ఒంటరితనం ఆయన ఎన్నడూ ఎరగడు.

అప్పుడు మొదలైంది... వెనకాల చెప్పుల చప్పుడు.

టప్... టప్...

ఆయన ఆగితే ఆగుతుంది. తిరిగి చూస్తే — ఎవరూ లేరు.

దానికి ఏ పాఠంలోనూ జవాబు లేదు. మొదట్లో పరుగులాంటి నడకతో ఇల్లు చేరేవాడు. తర్వాత్తర్వాత — నవ్వకండి — అదే ఆయనకు తోడనిపించింది. "ఇవాళ క్లాసుకు నలుగురే వచ్చారు," అని చీకటికి చెప్పేవాడు. "పొద్దున దశరథ ఎదురయ్యాడు. తల తిప్పుకున్నాడు," అని కూడా చెప్పేవాడు. చెప్పులు మెల్లగా వెంట వచ్చేవి.

ఆ రాత్రి ఆకు కదలడం లేదు. చెట్ల మధ్యకు వచ్చేసరికి పైనెక్కడో కిర్రుమంది. మాస్టారు తన లోకంలో ఉన్నాడు. ఉన్నట్టుండి ఒక చెయ్యి ఆయన చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగింది —

ఫెళ్లుమని కొమ్మ విరిగి ఆయన ముందే పడింది.

"ఎ... ఎవరు?"

చెయ్యి వదల్లేదు. వగరుస్తున్న ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మాస్టారు సెల్‌ఫోన్ లైటు వేశాడు.

దశరథ! నోరు గట్టిగా బిగించుకుని, కళ్లనిండా నీళ్లతో...

"మాట్లాడవయ్యా!"

దశరథకు ఇక వల్లకాలేదు. "మగ్గానికి నేన్ జవాబు చెప్పుకుంట తియ్యి... గాలి లేకున్నా కొమ్మ ఇరుగుతదని నువ్వే చెప్తివి గద సారూ! జర పైకి చూస్కోవా?"

"రోజూ వెనకాల వచ్చేది నువ్వేనా?"

"అంతట లొల్లిలొల్లున్నది. ఒక్కనివే పోతున్నవు. ఎట్ల ఇడిసిపెడ్త?"

మాస్టారికి ఏడుపొచ్చింది. "నీ చెప్పుల చప్పుడుతోనే ఇన్నాళ్లూ కబుర్లు చెప్పుకున్నానయ్యా, పిచ్చోణ్ని."

చొక్కా మీద దశరథ చెయ్యి బిగుసుకుంది. మెల్లగా ఆయన చేతిలోని లైటును కిందికి వంచాడు.

మట్టి కొట్టుకుపోయిన ఉత్త కాళ్లు.

"నీకు ఇనవడొద్దని చెప్పులు కొట్లనే ఇడిసొస్తున్న సారూ..." గుసగుసగా అన్నాడు. "రోజూ నువ్వు ఎవరితోని మాట్లాడుతున్నవో... నేనే అడుగుదామనుకున్న."

వెనకాల, బెరడు పేలికల కింద —

టప్... టప్...

ఇద్దరూ తిరిగి చూడలేదు. చేతులు పట్టుకుని, ఇల్లు చేరేదాకా గట్టిగా మాట్లాడుకుంటూనే నడిచారు.