సోమవారాన్ని ఆదివారం చేసిన పాట

పొద్దున్నే ఓర్ఫా పొయ్యి దగ్గర నిలబడి రొట్టెలు కాలుస్తూ, వాటిలోకి పంది కొవ్వులో పిండి వేయించి, పాలు పోసి కలుపుతోంది. పాటలు పాడే కూతురు డెల్ఫియా నాష్‌విల్ నుంచి నిన్ననే వచ్చింది. కిటికీలోని రేడియోలో ఆ కూతురి గొంతే మొదలైంది. ఓర్ఫా గరిటె వదలకుండానే వెళ్ళి రేడియో నోరు నొక్కేసింది.

ఇంటి వెనక కొండలో సొంతంగా తవ్వుకున్న బొగ్గు గుంతలో తండ్రి ఒక ఆదివారం చచ్చిపోయాడని చెప్పే పాట అది. ఆ వేసవిలో మా కెంటకీ రాష్ట్రంలో దాన్ని వినని చెవి లేదు. చెవిటివాళ్ళు కూడా పక్కవాళ్ళ ముఖాలు చూసి ఏడ్చేశారు. లారీ డ్రైవర్లు బళ్ళు ఆపుకుని ఏడ్చిన చోట్ల గుంటలు నిండి, వాటిలో చేపలు కూడా పడ్డాయని మా లోయలో చెప్పుకుంటారు. చేపల సంగతి నేను చూడలేదు గానీ, ఏడుపు మాత్రం నిజం.

"ఎందుకమ్మా కట్టేశావు? దేశమంతా వింటోంది, నువ్వు తప్ప!"

"దేశానికి పనిలేదు. నాకు రొట్టెలు మాడతాయి."

"చర్చిలో ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"అనడమెందుకే? పోయిన వారం ఎవరూ పక్కన కూర్చోలేదు, బల్లంతా నాదే. హాయిగా కాళ్ళు బారజాపుకున్నాను." ఓర్ఫా గరిటె విసురుగా తిప్పింది. "చివర్లో పాస్టరుగారి భార్య వచ్చి, 'మీ ఆయన ఏబ్నర్ ఆదివారం, విశ్రాంతి దినాన బొగ్గు తవ్వాడా ఓర్ఫా?' అంది. పోయి ఇరవై రెండేళ్ళయిన మనిషిని పట్టుకుని!"

డెల్ఫియా తల వంచుకుంది. "నేను సోమవారమనే రాశానమ్మా. రికార్డు చేసే ఆయనే ఒప్పుకోలేదు. 'సోమవారం ఎవడేడుస్తాడమ్మా? సోమవారం అందరూ ఎలాగూ ఏడుస్తూనే ఉంటారు. ఆదివారం చెయ్యి, చర్చి గంట మోగిస్తా' అన్నాడు. సరేనన్నాను."

"నిజం చెప్పవే. ఎవరు చెప్పారు నీకు?"

"ఏమని?"

"ఆదివారమని."

"ఎవరూ చెప్పలేదు. అది అబద్ధమేగా..."

ఓర్ఫా కుర్చీలో కూలబడింది. పొయ్యి మీద పాలు అడుగంటుతున్నాయి. ఇద్దరూ లేవలేదు.

"నీకు నాలుగేళ్ళు. జ్వరంతో వణుకుతున్నావు. పొయ్యిలోకి పిడికెడు బొగ్గు లేదు. ఈరోజు ఆదివారం, తవ్వకూడదు, పక్కింట్లో అడుగుదామన్నాడు మీ నాన్న. నాకు నామోషీ. 'నీ బైబిలు కాగితాలతో కాచుకుంటుందా పిల్ల?' అన్నాను. మారు మాట్లాడకుండా పార తీసుకుని పోయాడు."

డెల్ఫియా తన కుర్చీని తల్లి వైపు జరుపుకుంది.

"చీకటి పడుతుంటే వెళ్ళి చూశాను. పైకప్పు రాయి ఛాతీ మీద పడి ఉంది. చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. ఆదివారమని తెలిస్తే జనం ఆయన్ని ఏమంటారోనని భయమేసింది. వచ్చి నీ పక్కన పడుకున్నాను. సోమవారం తెల్లారాకే కేక పెట్టాను."

"అప్పటికే పోయాడు కదమ్మా? చెయ్యి చల్లగా ఉందన్నావుగా?"

ఓర్ఫా తన అరచేతిని చూసుకుంది.

"గుంతలో ఏది ముట్టుకున్నా చల్లగానే ఉంటుందే."

డెల్ఫియా లేచి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. తల్లి చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. "విశ్రాంతి దినమైనా గోతిలో పడ్డ ఎద్దును తీయొచ్చని బైబిల్లోంచి నువ్వేగా నేర్పావు. నేనే ఆ ఎద్దునమ్మా. నా కోసమే కదా" అంది.

"ఎద్దును తియ్యమన్నాడు దేవుడు. మొగుణ్ణి గోతిలోకి తొయ్యమన్లేదు."

ఆ మాటతో ఇన్నేళ్ళూ ఆపుకున్న ఏడుపుకు కట్ట తెగింది. కూతురి తల మీద ముఖం పెట్టుకుని ఓర్ఫా వెక్కివెక్కి ఏడ్చింది. డెల్ఫియా ఆమె నడుము చుట్టూ చేతులు బిగించింది.

"ఇకనుంచి సోమవారమనే పాడతానమ్మా. చర్చికెళ్ళి నాదే తప్పని చెబుతాను."

"వద్దు. చర్చిలో నేనే చెబుతాను. సమాధి రాయి మీద సోమవారమని అబద్ధం చెక్కించాను. పాటలోనన్నా నిజం ఉండనీ." ఓర్ఫా వంటింటి గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. "రేడియో పెట్టు."

పాట ఎప్పుడో అయిపోయింది. ఎవరో పందుల ధరలు చదువుతున్నారు. పాట మళ్ళీ వస్తుందేమోనని, మాడిన వాసన మధ్య తల్లీకూతుళ్ళిద్దరూ ఆ ధరలే వింటూ కూర్చున్నారు.