కుట్టుకి వదిలిన అంచు

"ఇదేమిటండీ, బొమ్మలన్నిటి చుట్టూ ఈ తెల్ల అంచు?"

బైండరు ఆ మాట అనేసరికి క్లాసులో ఉన్న తొమ్మిదిమందీ తలలెత్తి చూశారు. లైబ్రరీ మేడమీద గదిలో, పెద్దవాళ్ళ కోసం ఆదివారం మధ్యాహ్నాలు నడిచే కొలాజ్ క్లాసు అది. పాత పత్రికల్లోని బొమ్మలు కత్తిరించి, అట్టమీద కొత్త బొమ్మగా అతికించడం నేర్పుతారు. వారమంతా కింద గదిలో పుస్తకాలు బైండు చేసే మనిషే ఆదివారం పైకొచ్చి మాస్టారవుతాడు.

టైలరమ్మకి అది మొదటిరోజు. ఆమె కత్తిరించిన పక్షికీ, కుర్చీకీ, నీళ్ళ కూజాకీ చుట్టూ సరిగ్గా అరంగుళం కాగితం మిగిలి ఉంది.

"కుట్టుకి వదిలానండీ" అంది. ఇరవయ్యేళ్ళుగా బట్టలు కత్తిరించిన చెయ్యి మరి!

గది గొల్లుమంది. బైండరు కూడా నవ్వాపుకోలేక, "కాగితాన్ని ఎవరు కుడతారండీ!" అన్నాడు.

టైలరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఆ వారమంతా మిషను తొక్కుతున్నా ఆ నవ్వే వినబడింది.

పై ఆదివారం ఆమె సూదీ దారం తెచ్చుకుంది. పక్షి అంచుని లోపలికి మడిచి, అట్టకి ఆనించి, సన్నటి కుట్లు వేయడం మొదలుపెట్టింది. బైండరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎవరు కుడతారని అడిగారుగా మాస్టారూ. నేను కుడతాను."

"అయ్యో, అది సరదాకి అన్నానండీ..."

"నేను మాత్రం సరదాకి కుట్టడం లేదు. అయినా, వారానికి ఆరురోజులు కింద కూర్చుని మీరు చేసే పనేమిటి? పుస్తకాలు కుట్టడమేగా! పుస్తకమంటే కాగితం కాదూ?"

ఈసారి గది ఆమె తరఫున నవ్వింది.

"పదిహేడేళ్ళుగా కుడుతున్నానండీ. ఆ మాట నా నోటికెలా వచ్చిందో!" అన్నాడు బైండరు, తల గోక్కుంటూ.

ఆ తర్వాతి వారం ఆమె ముందు ఒక దారపుండ పెట్టాడు. "మామూలు దారం కాగితాన్ని కోసేస్తుంది. దీనికి మైనం పట్టించాను."

"అందరికీ ఇస్తారా?"

"అందరూ కుట్టరుగా."

సూదిలోకి దారం ఎక్కించడానికి ఆరోజు ఆమెకి నాలుగుసార్లు పట్టింది.

మూడో నెలలో ఇంట్లో గొడవ మొదలైంది.

"ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి. చిన్నపిల్లలా కాగితాలు అతికించుకుంటావా? నలుగురూ నవ్వుతున్నారు" అన్నాడు అన్నయ్య. "పైగా ఆ మాస్టారు కొట్టు దాకా వస్తున్నాడట!"

"దారం ఇచ్చిపోవడానికి వచ్చారన్నయ్యా."

"టైలరు కొట్టుకి దారమా!"

వంటింట్లో వదిన కిసుక్కుమంది. అన్నయ్య మరింత మండిపడ్డాడు. "ఈ ఆదివారం నుంచి మానెయ్. అంతే."

నాన్న పోయాక ఆ ఇల్లు నిలబడింది ఆమె మిషను మీదే. ఆమె పెళ్ళి మాట అక్కడ ఎవరూ ఎత్తక పదేళ్ళయింది. తనకంటూ ఆమె అడిగి తీసుకున్నది ఆ ఆదివారం ఒక్కటే.

ఆదివారం మధ్యాహ్నం దేవుడి పటం ముందు దణ్ణం పెట్టుకుని, "ఈ వయసులో కొత్తగా ఒకటి నేర్చుకుంటే తప్పా స్వామీ? తప్పే అయితే ఆ ఇష్టాన్ని నాలో ఎందుకు పెట్టావు?" అని అడిగింది. దేవుడు సరే అనలేదు. వద్దని కూడా అనలేదు. ఆమెకి అంతే చాలు. గొడుగు తీసుకుని వానలోనే బయల్దేరింది.

నాలుగున్నరకి అన్నయ్య లైబ్రరీ మెట్లెక్కి వచ్చాడు. నిలువెల్లా తడిసి ఉన్నాడు.

"లే! ఇంటికి పద."

కత్తెరలన్నీ ఆగాయి. బైండరు ముందుకొచ్చి, "కూర్చోండి, తుడుచుకోవడానికి గుడ్డ..." అన్నాడు.

"మర్యాదలేం వద్దు. మా చెల్లెలు ఇక్కడికి దేనికొస్తోందో నాకు తెలుసు!"

"నీకేం తెలుసన్నయ్యా?" టైలరమ్మ లేవలేదు. గొంతూ పెంచలేదు. "మొదటి నెల నేర్చుకోవడానికొచ్చాను. రెండో నెల నుంచి ఈయన కోసం కూడా వస్తున్నాను. రెండూ మానను."

బైండరు చేతిలోని జిగురు బ్రష్షు జారి బూటు మీద పడింది.

"మీకు ముందే తెలుసా?" గర్జించాడు అన్నయ్య.

"లేదండీ. మీతోపాటే విన్నాను."

"విని?"

బైండరు ఆమె వైపు తిరిగాడు. "దారానికి ఒక్కసారి మైనం పట్టిస్తే ఏడాది సరిపోతుందండీ. నేను వారం వారం ఎందుకు తెస్తున్నానో మీరు అడగలేదు. అడుగుతారేమోనని ప్రతి వారం భయపడ్డాను. అడిగితే బాగుండునని కూడా అనిపించింది."

వెనక బల్ల దగ్గర ఎవరో చప్పట్లు కొట్టబోతే, పక్కావిడ చేతులు పట్టుకుని ఆపింది.

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. చొక్కా చివర పిండుకున్నాడు. చెల్లెలి వైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు.

"పెళ్ళయ్యాకైనా ఈ కాగితాలు మానేస్తావా?"

"మానను."

"మిషనో?"

"అదీ మానను."

అన్నయ్య నిట్టూర్చి లేచాడు. "సరే, అయిదింటికి ఇద్దరూ ఇంటికి రండి. మీ వదినతో మాత్రం నువ్వే చెప్పుకో."

"అయిదున్నరకి వస్తాం" అంది టైలరమ్మ, సూది అందుకుంటూ. "కుట్టు ఇంకా మిగిలింది."