మూల ఇంటి మూలుగు

ఆ వీధి మలుపులో తాళం వేసిన ఇల్లొకటుంది. చీకటి పడితే లోపల ఓ పసిబిడ్డ మూలుగుతుందనీ, విన్నవాళ్ల వెంటపడి ఆ మూలుగు వాళ్లింటిదాకా వస్తుందనీ చెప్పుకుంటారు. అద్దెకి ఎవరూ రారు. కుక్కలు కూడా ఆ గుమ్మం ఎక్కవు.

ఆ రాత్రి టైలరమ్మ పాపని భుజాన వేసుకుని ఆ దారినే రావాల్సొచ్చింది.

పాపకి వారం మొదట్నుంచీ జ్వరం, దగ్గు. అత్తగారింటికి తీసుకెళ్తే ఆవిడ ఏవో ఆకులు నూరి, పసరు తీసి, తేనెలో రంగరించి నాకించింది. మిగిలింది ఛాతీకి పట్టించింది. ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్లు మూసుకుంది.

"చూశావా, ఎలా పడుకుందో. మీ ఆయన్ని ఇంతవాణ్ణి చేసింది ఈ పసరే," అందావిడ టీవీ గోలలోంచి.

"ఇంకాస్త పోయాల్సింది అత్తయ్యా. ఆయనకి అటకైనా అందేది."

"చాల్లే, నడు. పిల్ల లేస్తుంది."

నవ్వుకుంటూనే బయల్దేరింది. మలుపు దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

మ్...

మ్...

సన్నగా. పసిబిడ్డ గొంతే.

అడుగు వేగం పెంచింది. అదీ వెంటే వచ్చింది. తను ఆగింది — అది చెవి పక్కనే ఉంది. ఆ ఇంటి కిటికీ వంక చూడకుండా పాప ముఖం మీద టవలు కప్పేసి పరుగందుకుంది. చెప్పు తెగి ఎక్కడో పడింది. మ్... మ్... ఇప్పుడింకా గబగబా.

ఇంటికెళ్తే ఇంటికీ వస్తుంది. మొగుడు రాత్రి డ్యూటీలో ఉన్నాడు. వీధి చివర లైటు వెలుగుతున్నది ఆస్పత్రిలో ఒక్కచోటే... అక్కడ మనుషులుంటారు. దూరిపోయింది.

"సిస్టర్... ఆ మూల ఇంట్లోది... నా వెనకే వచ్చింది... వినండి..."

నర్సు విన్నది. టవలు తీసింది. గౌను పైకెత్తింది. పసరు ఎండి పచ్చగా అట్టకట్టిన ఛాతీ కింద డొక్కలు ఎగరేస్తోంది పిల్ల. ఊపిరి ఊపిరికీ — మ్...

"మూల ఇంట్లోది కాదమ్మా. నీ భుజం మీదిదే."

"పడుకుంది సిస్టర్... మందు పడి..."

"ఇది నిద్ర కాదు. మగత." అప్పటికే పాపని తీసుకుని లోపలికి నడుస్తోంది నర్సు. "డాక్టరుగారిని లేపండి. ఆక్సిజన్ పెట్టాలి."

తలుపు మూసుకుంది. టైలరమ్మ దానికి చెవి ఆనించి నిలబడింది. ఏ చప్పుడుకి భయపడి పారిపోయి వచ్చిందో, అదిప్పుడు ఆగిపోతుందేమోనని తలుపుకి ఇంకా అతుక్కుపోయింది.

మ్...

మ్...

ఇంకొక్కటి... ఇంకొక్కటి వినపడేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.