సోమవారం చొక్కా

శుక్రవారం పొద్దున్నే ఒజెల్లా మూకుట్లో పంది మాంసం ముక్కలు వేయిస్తూ, బల్ల దగ్గర కూర్చున్న చెల్లెల్ని సాధిస్తోంది. నెల రోజులుగా ఆ వంటింట్లో రోజూ ఇదే భాగోతం.

"ఆ కూనిరాగం ఆపు. ఇది సంసారుల ఇల్లు, నీ సారా కొట్టు కాదు."

"గొంతు సవరించుకుంటున్నా అక్కా. రేపు కచేరీ కదా!"

"నలభై ఏళ్ళుగా సవరిస్తున్నావు, ఇంకా కుదరలేదా?"

వర్నీస్ పగలబడి నవ్వింది. అరవై ఆరేళ్ళ మనిషి. మెంఫిస్‌లోనూ షికాగోలోనూ బ్లూస్ అనే నల్లవాళ్ళ కష్టాల పాటలు పాడి పేరు తెచ్చుకుంది. మోకాళ్ళు మొండికేశాక, పుట్టిన ఈ నది డెల్టా ఊరికే వచ్చి అక్క పంచన చేరింది. మా ఊరి సంగతి చెప్పాలా? శనివారం రాత్రి బ్లూస్ అంటే ప్రాణం పెట్టే జనమే, ఆదివారం చర్చిలో అది సైతాను పాట అని తలలూపుతారు. ఒజెల్లా మాత్రం రెండు నాలుకల మనిషి కాదు. చర్చిలో ముందు వరస ఆమెదే. బ్లూస్ రికార్డు ఆమె ఇంట్లో ఎప్పుడూ మోగలేదు. చెల్లెల్ని రానిచ్చేటప్పుడు కూడా ఒకటే మాట అంది: "ఆ పాటల్లో ఒక్కటీ నా చెవిన పడకూడదు."

అంతలో ఒజెల్లా కూతురు డెల్ఫీన్ బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తూ ఒక కాగితం పట్టుకుని లోపలికొచ్చింది.

"పిన్నీ, నీ ఫోటో ఎంత బాగుందో! కోర్టు ముందు మైదానంలో కచేరీ అట. 'ఆఖరున, అందరూ ఎదురుచూసే సోమవారం చొక్కా...'"

చదివేశాక గానీ నాలుక కరుచుకోలేదు. ఒజెల్లా పొయ్యి ఆర్పేసింది.

"అయితే నా పరువు మళ్ళీ బజారున పెడతావన్నమాట!"

ఆ కోపం ఈనాటిది కాదు. పందొమ్మిదివందల యాభై నాలుగులో ఆమె భర్త లూషియస్ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో సోమవారం అందరూ బట్టలుతికే రోజు. ఎవరింట్లో ఏం జరుగుతోందో దండెం చూసి చెప్పేస్తారు. అందుకని ఒజెల్లా, లేని మొగుడి చొక్కాలు రెండు ప్రతి సోమవారం ఉతికి, గంజిపెట్టి, వీధిలోకి కనబడేలా ఆరేసేది. అడిగినవాళ్ళకి నది మీద పడవ పనికెళ్ళాడని చెప్పేది. ఐదు నెలలు అలా నెట్టుకొచ్చింది. ఆ గుట్టు ఆ ఇంట్లోనే ఉన్న వర్నీస్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ వర్నీసే మెంఫిస్ వెళ్ళి దాన్ని 'సోమవారం చొక్కా' అని పాట కట్టేసింది.

"నీళ్ళ పంపు దగ్గరికెళ్తే పిల్లకాయలు ఆ పాట ఈల వేసేవాళ్ళు. చర్చిలో ఆడవాళ్ళు నన్ను చూసి చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకునేవాళ్ళు. నిన్ను నమ్మి నా కడుపులో బాధ చెప్పుకుంటే, దాన్ని అమ్ముకున్నావు కదే!"

వర్నీస్ మొహం పాలిపోయింది. అయినా ఊరుకోలేదు.

"మరి నువ్వో? ముప్పై నాలుగేళ్ళయింది, నేను చెప్పుకున్నదానికి ఒక్క మాటన్నా జవాబిచ్చావా?"

"ఏం చెప్పుకున్నావు నువ్వు?"

"రికార్డు రెండో పక్కన."

"రెండో పక్కేమిటి?"

డెల్ఫీన్ మెల్లగా అంది, "పాట పొడుగైతే సగం ఇటు, సగం అటు ఎక్కిస్తారమ్మా. రేడియోలోనూ సారా కొట్టు పాటల పెట్టెలోనూ మొదటి పక్కే వేసేవాళ్ళు."

"నీకు పోస్టులో పంపాను కదక్కా!"

"వచ్చింది. విప్పకుండానే పొయ్యిలో పెట్టాను," అంది ఒజెల్లా. "నా ఇంట్లో సైతాను పాటా?"

"అయ్యో! నా మొహం చూడ్డం ఇష్టంలేక జవాబివ్వలేదనుకున్నానే! ఆ సగం నీకోసం కట్టాను. ఏ వేదిక మీదా పాడలేదు."

ఒజెల్లా కుర్చీలో కూలబడింది. "ఏముంది అందులో? చెప్పు."

"చెప్పడం నాకు చేతకాదు."

"అయితే పాడి తగలడు!"

వర్నీస్ కళ్ళు మూసుకుని, బల్ల మీద అరచేత్తో దెబ్బ వేస్తూ పాడింది.

"వాణ్ణి పొమ్మన్న నోరు నాదే అక్కా, బస్సెక్కించిన చెయ్యి నాదే. అవును, వాణ్ణి పొమ్మన్న నోరు నాదే అక్కా, బస్సెక్కించిన చెయ్యి నాదే. నీ ఎడమ మణికట్టు వాపు చూశాక, నా కాళ్ళు ఆగలేదే."

డెల్ఫీన్ నోరు నొక్కుకుంది. తండ్రి వెళ్ళిపోయేనాటికి ఆమెకి ఐదేళ్ళు. ఒజెల్లా ఒక్కసారిగా లేచింది.

"నువ్వా! నేను ఆ చొక్కాలకి గంజి పెడుతుంటే పక్కన కూర్చుని బఠాణీలు ఒలిచావు కదే! ఐదు నెలలు!"

"చెబితే నన్ను వెళ్ళగొడతావని భయపడ్డాను."

"కొడుతున్నాడని నాకు తెలీదా? దెబ్బలు నావి. పొమ్మనే మాట కూడా నాదే కావాలి. అది నా నోట్లోంచి లాక్కుపోయావు. పాట కంటే అది పెద్ద ద్రోహం. నాలోనే ఏదో లోటుంది, అందుకే పోయాడనుకున్నాను. ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద పడి, నాలో తప్పేమిటి దేవుడా అని అడిగాను. ముప్పై నాలుగేళ్ళు!"

అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా ఎవరి ముందూ ఏడవని మనిషి, నడుముకి కట్టుకున్న వంట గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. వర్నీస్ లేవబోయింది. మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుండిపోయింది.

"రేపు ఆ పాట పాడన్లే అక్కా. కాగితంలో కొట్టేయమని చెబుతాను."

"పాడు," అంది ఒజెల్లా కళ్ళు తుడుచుకుంటూ. "రెండు పక్కలూ పాడు. ఊరంతా ఒక పక్కే విని నవ్వింది. రేపు నేను చర్చి టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటాను. ఎవరు నవ్వుతారో చూస్తాను. నిన్ను క్షమించాననుకునేవు. అదింకా లేదు."

"సరే అక్కా."

ఒజెల్లా పొయ్యి వెలిగించి, మూకుడు మళ్ళీ పైన పెట్టింది. కాసేపటికి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తి చూపించింది. మణికట్టు ఎముక ఇప్పటికీ వంకరగానే అతికి ఉంది.

"ఎడమ చెయ్యి కాదే, కుడిది. పాడితే సరిగ్గా పాడు."