పన్నెండు గంటలకు పదకొండు పడవలు

దివిసీమలో, నాగాయలంక రేవులో ఇన్ఫార్మర్ సత్యానందాన్ని కాల్చి చంపినవాళ్ళకు అతని రహస్యం మనిషెవరూ చెప్పలేదు. ఒక వెబ్‌సైటు చెప్పింది.

"పైకి అది వాతావరణం చెప్పే సైటు," ఫోన్లో నిఘా విభాగం చీఫ్ భుజంగరావు గొంతు పొడిగా ఉంది. "లోపల మన ఇన్ఫార్మర్ల పడవల డేటాబేస్. దాని పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగరేషన్ ఫైలు పబ్లిక్ ఫోల్డర్లో పడుంది. బ్రౌజర్లో అడ్రసు కొడితే ఎవడికైనా తెరుచుకుంటుంది. విదేశీ ముఠా అలాగే చదివింది."

"ఇంకెంతమంది ఉన్నారు సార్?" అడిగింది ఏజెంట్ హన్నా.

"పదకొండు మంది. అందరూ సముద్రం మీదున్నారు, ఫోన్లు అందవు. పన్నెండింటికి వాళ్ళ శాటిలైట్ పరికరాలు ఆ డేటాబేస్‌కు లొకేషన్లు పంపుతాయి. అవి ముఠా చేతిలో పడితే ఒక్కడూ తిరిగి రాడు. సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ కంపెనీకి మెయిల్ పెట్టాం. ఇరవై నాలుగు గంటల్లో స్పందిస్తారట! సైటు కట్టిన రాజబాబు గుడివాడలో ఉన్నాడు. ఫోన్లో ఎవరు చెప్పినా వినొద్దని మనమే అతనికి చెప్పాం. నువ్వే వెళ్ళి ఎదురుగా చెప్పు. కోడ్ వర్డ్ 'తూర్పుగాలి'."

బందరులో రొయ్యల మేత కంపెనీ ఏజెంటు వేషంలో ఉన్న హన్నా వెంటనే కారెక్కింది. డ్రైవింగ్ సీట్లో తోటి ఏజెంట్ ప్రీతి. నల్ల కళ్ళద్దాలు, ఎగుమతిదారు కూతురి వేషానికి తగ్గ పట్టుచీర.

పెడన దాటాక రైల్వే గేటు పడింది. పదకొండు నలభై.

గూడ్స్ వెళ్ళిపోయినా గేటు లేవలేదు. హన్నా ట్యాబ్‌లో సైటును ఎవరెవరు తెరుస్తున్నారో చూపే సర్వర్ లాగ్ మాత్రం కనిపిస్తోంది. చూడగలదు, ఆపలేదు. ఈపాటికి ఆ పదకొండు మందీ పడవల్లో అన్నం వండుకుంటూ ఉంటారు.

లాగ్‌లో కొత్త లైను పడింది. ఎవరో మళ్ళీ ఆ ఫైలు తెరిచారు. హన్నా ఆ ఐపీ అడ్రసు రెండోసారి చదివింది. అది ఈ కారు వైఫైదే.

ప్రీతి ఒళ్ళో ఫోను వెలుగుతోంది.

"పాస్‌వర్డ్ మారలేదు కదా అని మావాళ్ళ కోసం చూసుకున్నా," నవ్వింది ప్రీతి. "ఎందుకు హైరానా పడతావ్? గేటు తీసేసరికి పన్నెండవుతుంది."

హన్నా పిస్టల్ తీసి, ఆమె చేతిని స్టీరింగుకు బేడీతో బిగించి, ఫోను లాక్కుంది. కానీ ముఠాలో మిగిలినవాళ్ళ దగ్గర ఆ పాస్‌వర్డ్ ఉంది. పదకొండు యాభై రెండు. ఇక దారి లేక రాజబాబుకు ఫోన్ చేసింది.

"ఎదురుగా వస్తేనేనండీ," అన్నాడతను. "రూలు మీరు పెట్టిందే కదండీ?"

కోడ్ వర్డ్ చెప్పింది. బతిమాలింది. అతను కదల్లేదు.

"నన్ను నమ్మొద్దు రాజబాబు గారూ. ఫోన్ పెట్టకుండా, మీ సైటు అడ్రసు చివర ఆ ఫైలు పేరు కొట్టి చూడండి. అంతే."

కీబోర్డు చప్పుడు.

"అమ్మబాబోయ్! పాస్‌వర్డ్ కనపడిపోతోందండీ!"

"మార్చండి! ఫైలు పబ్లిక్ ఫోల్డర్లోంచి తీసేయండి!"

హన్నా కళ్ళు మూసుకుని ప్రభువును తలుచుకుంది. అంతకుమించి చేయగలిగిందేమీ లేదు. తెరిచేసరికి పన్నెండు. పదకొండు పడవలూ లొకేషన్లు పంపాయి. వాటి కిందే ఇంకో లైను: లాగిన్ విఫలం. మళ్ళీ విఫలం. మళ్ళీ.

గేటు లేచింది.

"ఆ ఫైలు ఎన్నాళ్ళుగా అలా తెరిచి ఉందండీ?" నీరసంగా అడిగింది.

"పద్నాలుగు నెలలండీ," అన్నాడు రాజబాబు. "ఇన్నాళ్ళూ ఒక్కరూ కంప్లైంట్ చేయలేదు మరి!"