చీటీలావిడ

ఊరు దాటి పాత రోడ్డు పట్టుకుంటే, వంతెన దిగగానే ఎడమచేతి వైపు ఒక కాటా ఉంది. లారీలను తూచే కాటా. కొత్త రోడ్డు పడ్డాక దాని మొహం చూసినవాళ్లు లేరు. నేలకి సమంగా పరిచిన పెద్ద ఇనప పలక, పక్కనే ఒక గది, గదికి పగిలిన అద్దం, లోపల గోడమీద ఎప్పుడో ఆగిపోయిన ముల్లు. అంతే. కానీ పొద్దు గుంకాక దాని మీద బండి ఆపమంటే ఏ డ్రైవరూ ఆపడు.

ఆపితే ఏమవుతుందయ్యా అంటే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ఆగిపోయిన ముల్లు కదులుతుందని ఒకడు — బండి బరువు కంటే సరిగ్గా ఒక మనిషి బరువు ఎక్కువ చూపిస్తుందని. ఎవరో బండి చుట్టూ తిరుగుతూ టైర్లు తట్టి చూస్తారని ఇంకొకడు. అద్దం దింపి చూస్తే... ఒక ఆడమనిషి. అరవదు, ఏడవదు. గుసగుసగా ఒక్కమాట అడుగుతుందట — మరిచిపోయారా, అని.

ఎవరో ఎప్పుడో ఆవిణ్ణి అక్కడ దించేసి వెళ్లిపోయారట. అప్పటినుంచి తన బండి కోసం చూస్తోందట.

గాలి కబురనే అనుకున్నాను, టైలరమ్మ నోట వినేదాకా. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెబుతాను, ఒక్క ముక్క జారవిడవకుండా.

టైలరమ్మ ఇల్లు ఒకచోట ఉండదు. ఇల్లే తిరుగుతుంది. భర్త బస్సు డిపోలో ఇరవయ్యేళ్లు మెకానిక్కుగా చేసి, ఒకరోజు హఠాత్తుగా విసిగిపోయి, పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. ముందు స్టీరింగు, వెనక పరుపు, మధ్యలో వంటగట్టు, పక్కన బీరువా అంత స్నానాల గది. ముగ్గురూ అందులోకి మారారు — మొగుడు, పెళ్లాం, పదేళ్ల కూతురు. పిల్లకి చదువు బండిలోనే. ఆవిడకి మిషను బండిలోనే. ఎక్కడ ఆగితే అక్కడ ఎవరో ఒకరికి జిప్పులు మార్చి, పొడుగులు తగ్గించి ఇచ్చేది.

ఆ బతుకు ఆవిడకి నచ్చలేదా అంటే, నచ్చింది. పొద్దున్నే తలుపు తీస్తే నిన్న లేని చెరువు కనిపించేది. మెట్టు మీద కూర్చుని టీ తాగుతుంటే పక్క బండివాళ్లు పలకరించేవారు. వాన పడితే రేకు మీద చప్పుడు వింటూ ముగ్గురూ ఒకే దుప్పట్లో ముడుచుకునేవారు. మురికినీళ్ల ట్యాంకు ఖాళీ చేసే పని ఒక్కటీ ఎవరికీ గిట్టేది కాదు. దానికి చీట్లు వేసుకునేవారు, ప్రతిసారీ మెకానిక్కే ఓడిపోయేవాడు.

ఆవిడకి గిట్టనిది ఇంకొకటి ఉంది. చీటీలావిడ.

బండి కొన్నరోజు నుంచీ ఉంది ఆ బెడద. లోపల ఎటు చూసినా తెల్లటి అంటుపట్టీల మీద గుండ్రటి అక్షరాలు. నీళ్ల ట్యాంకు మూత మీద, ఎత్తు ఎక్కేముందు నింపకు. ఎడమ కిటికీ పక్కన, పైకెత్తి తొయ్యి. గిన్నెల అరలో, మధ్య మధ్య గుడ్డ పెట్టు, మోత ఉండదు. తలుపు దగ్గర, మెట్టు లోపలికి లాగావా. అంతకుముందు ఆ బండిలో ఉన్న ఇల్లాలు రాసి అంటించినవి.

మెకానిక్కు వాటిని చూసి ముచ్చటపడిపోయాడు. అవి రాసినావిడతో ఒకసారి మాట్లాడిస్తారా, వైర్ల సంగతి అడగాలి, అని బండి అమ్మిపెట్టిన షెడ్డువాణ్ణి అడిగాడు. వాడు తాళాలు చేతికిస్తూ తల వంచుకుని, "ఆవిడ లేరటండీ. ఇంతకుముందు బండి ఉంచుకున్న పెద్దాయన చెప్పారు" అన్నాడు.

పోయినావిడ. సరే, పాపం, అనుకుంది టైలరమ్మ. ఆ జాలి నెల్లాళ్లు కూడా నిలవలేదు.

ఎందుకంటే మెకానిక్కు నోట రోజూ ఆవిడే. చీటీలావిడ ఎంత పద్ధతైన మనిషో. చీటీలావిడ ఉంటే బ్యాటరీ ఇలా దిగిపోనిచ్చేదా. టైలరమ్మ వారంరోజులు కూర్చుని కిటికీలన్నిటికీ కొత్త తెరలు కుడితే, చూసి బాగున్నాయన్నాడు. ఆ తర్వాత, పాత తెరల అంచులో ఆవిడ బరువు కోసం చిన్న చిన్న ఇనప నట్లు పెట్టి కుట్టింది, అందుకే గాలికి ఎగిరేవి కావు, అన్నాడు. కుట్టుపని టైలరమ్మ సొంత విద్య. అందులోనూ వచ్చి వేలు పెట్టింది ఆ చచ్చినావిడ.

చివరికి పిల్ల కూడా నేర్చుకుంది. నూనె సీసా దొర్లి పడితే, "చీటీలావిడ అయితే ముందే కట్టేసేది కదమ్మా" అంది.

ఆ రాత్రి టైలరమ్మకి నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే ఆవిడే. పొడుగ్గా, నిటారుగా, చీర మడత నలగకుండా... తాళాలు ఎక్కడ పెట్టానో అని ఏనాడూ వెతుక్కోని మనిషి. పొయ్యి ముందు నిలబడితే వెనక నిలబడి చూస్తున్నట్టే ఉండేది. నా ఇంట్లో నేను అద్దెకున్నట్టుందే, అని ఏడ్చుకుంది లోలోపలే. ఎవరైనా ఒక్కసారి ఇది నీ ఇల్లే అంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనిపించేది. అనరే.

అప్పుడు మొదలుపెట్టింది — రోజుకి ఒకటి చొప్పున చీటీలు పీకేయడం.

మొగుడు చూడకుండా గోటితో అంచు లేపి, చర్రున లాగి, తొక్కల బుట్టలో కింద తోసేసేది. ఊడిపోతున్నాయేమిటని అతను అడిగితే, జిగురు పాతబడిందనేది. నాలుగు నెలల్లో చాలా మటుకు ఖాళీ అయ్యాయి. ఒకరోజు మధ్యాహ్నం స్టీరింగు దగ్గరున్నది కూడా లాగేసింది. దాని మీద ఉన్నది రెండు ముక్కలే: తలలు లెక్కపెట్టు.

ఆ సాయంత్రమే వాళ్లు పాత రోడ్డు ఎక్కారు.

వంతెన అవతల టీ కొట్లో లారీవాళ్లు కాటా సంగతంతా చెప్పారు. చెప్పి, ముందుకెళ్లి ఎక్కడైనా ఆపుకోమన్నారు. మెకానిక్కు నవ్వి ఊరుకున్నాడు. బండి కొన్నప్పుడు అద్దం వెనక దొరికిన చీటీ ఒకటి అతని పర్సులో భద్రంగా ఉంది — వంతెన దిగగానే కాటా, నేల సమంగా ఉంటుంది, నిద్రకి బాగుంటుంది. ఒరిగిన నేల మీద ఆపితే మోటార్‌హోమ్‌లో నిద్ర పట్టదు, తల కిందికి జారుతుంది. తీసుకెళ్లి సరిగ్గా ఆ పలక మీదే ఆపాడు.

పిల్ల నిద్రపోయాక గుసగుసల్లోనే పోట్లాడుకున్నారు.

"ఇక్కడొద్దండీ. నాకు భయంగా ఉంది."

"ఏం భయం? ఆవిడ ఎన్నిసార్లు పడుకుని ఉంటే రాసి ఉంటుంది చెప్పు."

అతను ముందు సీటు పైనున్న పడక బల్ల మీదికెక్కాడు. ఘాట్ రోడ్డు ఎక్కాలి కాబట్టి ఎండ రాకముందే, నాలుగింటికే బయల్దేరదామని అనుకున్నారు. ఆవిడ వెనక పిల్ల పక్కన పడుకుని తెర లాక్కుంది.

పడుకుందే గాని నిద్ర రాలేదు. మూడు దాటాక ఇక ఉండలేక, చప్పుడు కాకుండా తలుపు తీసి దిగింది. మళ్లీ చేరవేసింది. కాటా గది అరుగు మీద చీకట్లో కూర్చుంది. దెయ్యం వస్తే రానీ, దీనికన్నా నయం, అనుకుంది.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. కునుకు పట్టింది. ఇంజను చప్పుడుకి ఉలిక్కిపడి లేచేసరికి...

బండి కదిలిపోతోంది.

తెర వేసి ఉంది కాబట్టి తల్లీపిల్లా లోపలున్నారనే అనుకున్నాడు మెకానిక్కు. రోజూ బయల్దేరేముందు స్టీరింగు దగ్గరి చీటీ చూసి, వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టేవాడు. ఆ రోజు చూపు వెళ్లింది... అక్కడ ఏమీ లేదు. గేరు వేశాడు.

ఆవిడ పరిగెత్తింది. పిలిచింది. ఎర్ర దీపాలు రెండూ మలుపు తిరిగాయి. ఫోను బండిలోనే ఉంది.

చీకటి. ఇనప పలక చల్లగా మెరుస్తోంది. ఎక్కడా కుక్క కూడా మొరగలేదు.

అప్పుడు... అడుగుల చప్పుడు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా. ఒక కాలికే చెప్పు ఉన్నట్టు.

గది వెనకనుంచి ఒక ఆకారం పలక మీదికి వచ్చింది. టైలరమ్మ గోడకి అతుక్కుపోయింది. ఆ ఆకారం వంగింది. చేత్తో తట్టింది — గాల్లో. నాలుగడుగులు వేసి మళ్లీ వంగి తట్టింది. అక్కడ బండి ఉంటే సరిగ్గా టైరు ఉండే చోట. అలా చుట్టూ తిరిగి నాలుగు చోట్లా తట్టింది, ఏమీ లేని చోట. పెదాలు కదులుతున్నాయి. గ్యాసు... మూత... మెట్టు...

తర్వాత తల తిప్పి, నేరుగా అరుగు వైపు చూసింది.

"మిమ్మల్నీ మరిచిపోయారా?"

ఆ ముసలావిడ వచ్చి పక్కనే కూర్చుంది. స్వెట్టరు తిరగేసి తొడుక్కుంది. చేయి తీసి టైలరమ్మ చేతి మీద వేసింది — మంచుగడ్డలా ఉంది ఆ చేయి.

"ఫరవాలేదు. నన్నూ మరిచిపోయారు. ఇక్కణ్ణుంచి కదలకండి. కదిలితే వెతుక్కోలేరు."

"ఎవరు... ఎవరొస్తారు?"

"మావారు. తెల్ల బండి. ఎడమ కిటికీ బిగుసుకుంటుంది దానికి..." గుసగుస ఇంకా సన్నగిల్లింది. "పైకెత్తి తొయ్యాలి."

ఆ కిటికీ టైలరమ్మ రోజూ తీస్తుంది. ఆ మాటున్న చీటీ తనే గోటితో పీకింది. ఆవిడ లేరటండీ... షెడ్డువాడి గొంతు చెవిలో మోగింది. పక్కన కూర్చున్నది ఎవరో తెలిసిపోయింది. చీటీలన్నీ పీకేసినందుకు వచ్చింది. అడగడానికి వచ్చింది.

అంత భయంలోనూ ఒక పాడు ఆలోచన దూరిందట ఆవిడకి — ఇంత పొట్టి మనిషా, అని. పల్చటి జుట్టు, వణికే గడ్డం... ఎనిమిది నెలలు నేను కుళ్లుకున్నది దీన్ని చూసా, అని.

"ఆ చీటీలు... మీరేనా రాసింది?" అడిగేసింది.

ముసలావిడ ఇటు తిరిగింది.

"ఏ చీటీలు?"

అంతలో వంతెన కిందనుంచి ఒక వెలుతురు ఊగుతూ పైకి వచ్చింది. టార్చి పట్టుకుని ఒక ముసలాయన, రొప్పుతూ. రెండో చేతిలో ఆడవాళ్ల చెప్పు ఒకటి. వచ్చి ముందు ఆ చెప్పు ఆవిడ కాలికి తొడిగాడు. తర్వాత టైలరమ్మని చూసి, భయపడ్డావా తల్లీ, అని అడిగాడు. ఏం చేసేది, ఎంత గడియ వేసినా తీసుకుని వచ్చేస్తుందన్నాడు.

నిలబడే చెప్పుకొచ్చాడు, తప్పు చేసినవాడిలా. పదేళ్ల కిందట ఒక రాత్రి ఇక్కడే బండి తూయించారు. ముల్లు చూడటానికి ఆవిడ దిగింది. వెనక పడుకుందనుకుని ఆయన ఎనిమిది మైళ్లు వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ ఇదే అరుగు మీద కూర్చుని నవ్వుతోంది. ఆ తర్వాత కొన్నేళ్లకి ఒక్కొక్కటే మరిచిపోవడం మొదలైంది — కొళాయి, గ్యాసు, దారి. పోతున్నకొద్దీ రాసి అంటించుకునేది. ఒకరాత్రి గ్యాసు తిప్పి వదిలేస్తే, ఇక లాభం లేదని బండి అమ్మేసి, వంతెన కింద రెండు గదులు తీసుకున్నారు. ఇప్పుడు ఆవిడకి అన్నీ పోయాయి, ఈ కాటా దగ్గర ఆగిన ఆ ఒక్క రాత్రి తప్ప.

"మరి... ఆవిడ లేరని చెప్పారట కదండీ, బండి అమ్మిన చోట?"

ఆయన టార్చి కిందికి దించాడు.

"అవి రాసిన మనిషిని అడిగారమ్మా. ఆ మనిషి లేదనే చెప్పాను."

టైలరమ్మ ఆయన మొహంలోకి చూడలేకపోయింది. పద్ధతైన మనిషి, పద్ధతైన మనిషి అని మొగుడు మెచ్చుకున్న ప్రతి అక్షరమూ... మునిగిపోతున్న మనిషి పట్టుకున్న గడ్డిపోచ. వాటిని తను రోజుకొకటి చొప్పున తుంచి పారేసింది. చెప్పాలనుకుంది. నోరు తెరిచేలోపు మలుపు దగ్గర దీపాలు కనిపించాయి.

పిల్ల నిద్రలో పక్క తడుముకుని, అమ్మ లేదని ఏడ్చిందట. బండి దూసుకుంటూ వచ్చి పలక మీద ఆగింది. మెకానిక్కు దూకి వచ్చి పెళ్లాం భుజాలు పట్టుకున్నాడు.

కానీ ముసలావిడ అప్పటికే లేచింది. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది.

"వచ్చింది."

వెళ్లి బండి ఒంటి మీద అరచెయ్యి ఆనించింది. మెట్టు ఎక్కింది. ఎవరూ ఆపలేదు. ముసలాయన చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

టైలరమ్మ వెనకే ఎక్కింది. ఆవిడ ఇప్పుడు తిరిగి, ఇది నా ఇల్లు, నువ్వెవరు, అని అడిగితే ఏం చెప్పాలి. ఏమీ చెప్పక్కర్లేదు, దిగిపోవాలి. ఆ క్షణంలో దిగిపోవడానికి నిజంగానే సిద్ధపడిందట.

ముసలావిడ వంటగట్టు చూసింది. తెరలు చూసింది. దుప్పట్లో కళ్లు నులుముకుంటున్న పిల్లని చూసింది. దేన్నీ ముట్టుకోలేదు. కొత్త ఇంటికి వచ్చిన చుట్టంలా చేతులు రెండూ దగ్గరికి పెట్టుకుని నిలబడింది.

తర్వాత టైలరమ్మ వైపు తిరిగి, మర్యాదగా నవ్వింది.

"మీ ఇల్లు చాలా బాగుందమ్మా. కూర్చుందునే గానీ... మావారు వచ్చే వేళైంది."

మెల్లిగా మెట్టు దిగి, భర్త పక్కనుంచే నడిచివెళ్లి, మళ్లీ ఆ అరుగు మీద కూర్చుంది.