కిందికి దిగని ప్రశ్నలు

ఆ ఉదయం కూడా ఆర్లో బ్రాండ్‌వాల్డ్ ఆవుల కంటే ముందే లేచాడు. విస్కాన్సిన్‌లో ఆగస్టు తెల్లవారుజాము పొగమంచుతో మొదలవుతుంది. మొక్కజొన్న చేలు మెడ దాకా ఆ మంచులో మునిగి ఉన్నాయి. ఆయన వాటి వంక చూడలేదు. బతుకంతా చూసినవే. కొట్టంలోకి వెళ్లేసరికి కూతురు ట్వైలా అప్పటికే అక్కడ ఉంది. మిషన్లు తగిలించి పాలు తీస్తోంది. ఒక చెవిలో ఎప్పటిలాగే ఫోను తీగ వేలాడుతోంది.

"ఎవడు వాడు, రోజూ నీ చెవిలో వాగేవాడు? ఊరికే వాగడమెందుకు, వచ్చి రెండు ఆవుల పాలు పితకమను," అన్నాడు.

"లెక్కలు చెప్పేవాడు నాన్నా. వాడికి గొంతే గాని చేతుల్లేవు," అంది ట్వైలా.

ఆమెకు ముప్పై అయిదేళ్లు. పదిహేడో ఏట తల్లి లవాన్ మంచాన పడితే బడి మానేసి కొట్టంలోకి వచ్చింది. తల్లి ఆ చలికాలమే పోయింది. ట్వైలా మాత్రం కొట్టంలోనే ఉండిపోయింది. ఆర్లో అప్పటి నుంచీ ఎవర్నీ క్షమించలేదు. డాక్టర్లను క్షమించలేదు. ఒక వారం వేడివేడి వంటకాలు తెచ్చి ఇచ్చి మళ్లీ గుమ్మం తొక్కని చర్చివాళ్లను క్షమించలేదు. ముందుగా వెళ్లిపోయినందుకు లవాన్‌ను కూడా క్షమించలేదు.

ఇప్పుడు కూతురు నర్సు చదువు చదువుతానంటోంది. అందుకు కాలేజీవాళ్లు ముందు ఒక పరీక్ష పెడతారు, ప్లేస్‌మెంట్ టెస్టని. అందులో పాసూ ఫెయిలూ లేవు. లెక్కల్లో, ఇంగ్లీషులో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి, ఆ మెట్టు మీద కూర్చోబెడతారు. పై మెట్టు దొరికితే ట్వైలా ఈ నెలాఖరుకే చదువులో చేరవచ్చు. కింది మెట్టయితే ఏడాది పాటు బడిపిల్లల లెక్కలు మళ్లీ దిద్దుకోవాలి. అలా అయితే ఇంక ఆ మాటే ఎత్తనని ఆమె ముందే చెప్పేసింది. ఈ వయసులో ఆశను ఇంకో ఏడాది మోసే ఓపిక తనకు లేదంది.

పరీక్ష ఆ ఉదయమే. ఆమె ఉతికిన చొక్కా వేసుకుని కారు తలుపు తీసే వేళకు తొలిచూలు ఆవు బటన్స్‌కు నొప్పులు ఎక్కువయ్యాయి. ఆర్లో కొట్టం గుమ్మంలోంచి కేకేశాడు. ట్వైలా ఒక్క క్షణం కారును, ఒక్క క్షణం ఆయన్ను చూసింది. వెనక్కి వచ్చి చొక్కా మీద పనిబట్టలు తొడుక్కుని దూడ కాళ్లకు కట్టిన తాడు పట్టుకుంది. దూడ బయటపడింది. పెయ్యదూడ, నుదుట తెల్లమచ్చ. ఆమె చేతులు కడుక్కుని వెళ్లేసరికి బాగా ఆలస్యమైంది.

మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. ఆయన అడగలేదు. ఆమే చెప్పింది. పరీక్షంతా కంప్యూటర్ మీదేనట. ఇంగ్లీషు మొదట హాయిగా సాగి, పోనుపోను బిగుసుకుందట. లెక్కలయితే మరీ దారుణం.

"మొదటి ప్రశ్న చూస్తే నవ్వొచ్చింది. తర్వాతది కొంచెం గట్టిది. దాని తర్వాతది ఇంకా గట్టిది. సగం దాటాక నేను ఎన్నడూ చూడని ప్రశ్నలే. ఒక గోడ ఎక్కితే దాని వెనక ఇంకో గోడ. చివరిదాకా అంతే."

"మరి వాళ్లేమన్నారు?"

"అననివ్వలేదు. కిటికీ దగ్గర ఫలితం కాగితం ఇస్తారు. నేను ఆగలేదు. దాన్ని చూసి ఏడవడానికి అంత దూరం ఎందుకు, ఇంటి దగ్గరే ఏడవచ్చు."

కాని ఏడవలేదు. బట్టలు మార్చుకుని పేడ ఎత్తడానికి వెళ్లింది. ఆర్లో ఆ పూట కడుపునిండా తిన్నాడు. ఎందుకంత ఆకలి వేసిందో తనను తాను అడుక్కోలేదు.

మర్నాడు పాలు తీసేటప్పుడు ఆమె చెవిలో తీగ లేదు. పాలగదిలో ఏ ఆవుకు ఏ మందు వేశారో రాసుకునే నల్లబల్ల ఒకటుంది. దాని మూల ఎప్పుడూ సుద్దతో అలికినట్టు ఉండేది. ఆ రోజు అది శుభ్రంగా తుడిచి ఉంది. ఆర్లో చూశాడు. ఎందుకో చూడనట్టు నటించాడు.

ఫలహారానికి కూర్చున్నాక ఆమె గుడ్ల పళ్లెం ఆయన ముందుకు జరిపింది. తూర్పు కంచె వచ్చే వారం బాగు చేద్దామంది. ఇకమీదట తనకు వేరే పనేమీ లేదు కదా అంది.

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేదు ఆయన.

"పోనీలే. మన ఇంట్లో ఎవరికీ పుస్తకాలు అచ్చిరాలేదు. నేను మొదటే చెప్పాను," అన్నాడు.

ట్వైలా ఫోర్కు కింద పెట్టింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది.

"నువ్వే గెలిచావు నాన్నా. నాకు తెలివి లేదని నాకు నచ్చజెప్పడానికి నీకు ఇన్నేళ్లు పట్టింది. వాళ్ల మిషన్‌కి ఒక్క పూట చాలింది. ఇంక కాఫీ చల్లారకముందే తాగు."

లేచి వెళ్లిపోయింది. ఆయన కాఫీ తాగలేదు. మాట వెళ్లి ఎక్కడో గుచ్చుకుంది. ఆ నొప్పికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. కూతురు కాదు. తను కావడానికి ఇష్టం లేదు. మిగిలింది కాలేజీ. తన కూతుర్ని తను ఏమైనా అంటాడు. ఊళ్లోవాళ్లు అనడానికి వీల్లేదు. టోపీ పెట్టుకుని ట్రక్కు ఎక్కాడు.

కాలేజీ రహదారి పక్కన ఇటుకల కట్టడం. కార్లు ఆపే చోటు దాకా మొక్కజొన్న వచ్చి ఆగింది. పరీక్షల గది కిటికీ వెనక బెర్నడీన్ క్రోల్ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. కళ్లద్దాలు గొలుసుకు కట్టి మెడలో వేసుకుంది. ఆర్లో తన పేరు చెప్పాడు. నిన్న తన కూతుర్ని ఏం అడిగారో, ఎందుకు అలా చిన్నబుచ్చి పంపారో చెప్పమన్నాడు. అసలు దాని ఫలితం ఏమిటో చూపించమన్నాడు.

"ఆమెది ఆమెకే చెప్పాలండీ. చట్టం అలా ఉంది. పద్దెనిమిది దాటాక అంతే," అంది బెర్నడీన్.

"నేను దాని తండ్రిని."

"తాతగారైనా చెప్పను."

"మరి మీరు చెయ్యగలిగింది ఏమిటి?"

"మిమ్మల్ని కూర్చోబెట్టగలను. నమూనా పరీక్ష ఉంది, ఎవరైనా రాయొచ్చు. కోపంగా వచ్చిన తండ్రుల కోసం ఆ మూల కుర్చీ ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను."

ఆవిడ నవ్వుతోందో లేదో ఆయనకు తెలియలేదు. వెనక్కి తగ్గితే భయపడ్డాడనుకుంటుంది. కూర్చున్నాడు.

మొదటి లెక్క భిన్నాలు. ఆయనకూ నవ్వొచ్చింది. రెండోది నూటికి ఎంతని. ఏళ్ల తరబడి దాణా కలిపిన మనిషికి అదో లెక్కా. తర్వాత ఒక అంకె ఉండాల్సిన చోట అక్షరం వచ్చి నిలబడింది. నుదురు రుద్దుకుని దాన్నీ లొంగదీశాడు. తెలియకుండానే కుర్చీలో ముందుకు జరిగాడు. అప్పుడు వచ్చింది ఇంకొకటి. అక్షరం భుజం మీద చిన్న అంకె ఎక్కి కూర్చుని ఉంది. పక్కన మరో అక్షరం, దాని భుజం మీద ఇంకో అంకె. ఆయన చెయ్యి ఆగిపోయింది.

దాన్ని ఎక్కడో చూశాడు. పాలగదిలో నల్లబల్ల మూల. సగం తుడిచిన సుద్దలో ఇలాంటివే, కూతురి చేతిరాతలో. ఆవు తోక కొట్టిన మరకలనుకునేవాడు.

తోచినది నొక్కాడు. తర్వాతి ప్రశ్న కాస్త తేలిగ్గా వచ్చింది. దాన్నీ తప్పాడు. ఇంకా తేలికైనది వచ్చింది. కాసేపటికి మళ్లీ భిన్నాల దగ్గరికి వచ్చి పడ్డాడు. ఇంగ్లీషూ అంతే. చదవమని ఇచ్చిన ముక్కలు కొంత దూరం బరువెక్కి, తర్వాత తేలికపడిపోయాయి.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, మిషన్ చెడిపోయిందని చెప్పాడు. కష్టంగా పోతూ పోతూ మధ్యలో తేలికైపోయిందన్నాడు.

"చెడిపోలేదండీ. దాని పనే అది," అంది బెర్నడీన్. "సరిగ్గా చెబితే ఇంకా గట్టిది ఇస్తుంది. తప్పు చెబితే ఒక మెట్టు దించుతుంది. అలా ఎక్కించి, దించి, మీరు ఎక్కడ నిలబడగలరో అక్కడ వదిలిపెడుతుంది. పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టి మొదట చెప్పే మాట ఇదే. ఆలస్యంగా వచ్చినవాళ్లకి చెప్పడానికి ఉండదు. పరీక్ష మొదలయ్యాక నేను నోరు విప్పకూడదు."

ఆర్లో టోపీ తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. లవాన్‌ను పూడ్చిన రోజు తర్వాత ఎవరి ముందూ తియ్యలేదు.

"ఒకవేళ ఎవరికైనా అసలు తేలికే కాలేదనుకోండి. చివరిదాకా గట్టిపడుతూనే పోయిందనుకోండి. ఒక్కసారి కూడా దించలేదనుకోండి," అన్నాడు మెల్లగా.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆయన్ను చూసింది. 

"నేనేం చెప్పకూడదో మీకు చెప్పాను. అలాంటివాళ్లు ఎప్పుడో గాని రారు. అంత మాత్రం చెప్పగలను. ఎవరైనా కాగితం తీసుకోకుండా వెళ్తే శుక్రవారం దాకా ఉంచుతాను. సాయంత్రం నాలుగింటికి కిటికీ మూస్తాను."

ట్రక్కులో కూర్చుని ఆయన తాళం తిప్పలేదు. ఎదురుగా మొక్కజొన్న కదులుతోంది. నోరు మూసుకుంటే చాలు. శుక్రవారం వస్తుంది, పోతుంది. రేపూ ఆవుల దగ్గర మనిషి ఉంటుంది, వంటింట్లో దీపం ఉంటుంది. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు.

ట్వైలా తొమ్మిదేళ్లప్పుడు ఆవుల గడ్డి నింపే గోపురం, సైలో, ఎక్కింది. ఇంటికి నాలుగింతల ఎత్తు. ఆయన కింద నిలబడి ఊపిరి బిగబట్టాడు. కేకేస్తే ఎక్కడ జారుతుందోనని కేక కూడా వెయ్యలేదు. పైకి వెళ్లాక అది చెయ్యి ఊపింది. అప్పుడు దానికి తెలుసు, తను ఎక్కుతున్నానని. నిన్న తెలియదు. ఎవరూ చెప్పలేదు. పడిపోతున్నాననుకుంటూనే ఎక్కింది. ఆయన దిగిపోయిన చోటును ఎప్పుడో దాటి, ఇంకా పైకి, మెట్టు మీద మెట్టు, ఒక్కటీ జారకుండా. బడి మాన్పించిన పిల్ల. పేడ వాసన పోని చేతులతో. తన కొట్టంలో, తన పక్కనే, ఇన్నేళ్లు. ఆయన వెన్నులో చలి పుట్టింది. భయం కాదది. 

తాళం తిప్పాడు.

ట్వైలా కొట్టంలో తెల్లమచ్చ దూడకు సీసాతో పాలు పడుతోంది. తల ఎత్తలేదు. ఆర్లో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నేనూ రాశాను ఆ పరీక్ష."

"ఏమన్నారు? నర్సువి అవుతావా?"

"సగం దాకా పోయాక నాకు తేలికైపోయింది."

"అదృష్టవంతుడివి."

"కాదు. తప్పులు చేశాను కాబట్టి తేలికైంది. సరిగ్గా చెబితే అది ఇంకా గట్టిది ఇస్తుంది. తప్పితే దించుతుంది. నువ్వు ఆలస్యంగా వెళ్లావని ఆ మాట నీకు చెప్పలేదు." టోపీ అంచు తిప్పాడు. "నీకు ఎక్కడైనా తేలికైందా?"

ఆమె సీసా అలాగే పట్టుకుని ఆలోచించింది. దూడ గుంజితే పాలు గడ్డి మీద ఒలికాయి. చూడలేదు.

"లేదు," అంది.

"ఒక్కసారైనా?"

"లేదు నాన్నా." సీసా దించింది. "చివరిది మరీ గట్టిది." అక్కడే గడ్డి మీద కూలబడింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదట. నేను దిగాను కాబట్టి తెలిసింది, నువ్వు దిగలేదని."

ఆమె మోచేత్తో ముఖం కప్పుకుంది. నిన్నటి నుంచి ఆపుకున్నది ఇప్పుడు వచ్చింది. ఆయనకు ఓదార్చడం చేతకాదు. దూడ మెడ నిమురుతూ నిలబడ్డాడు.

"నిన్న ఈ దూడను నేనొక్కణ్నే లాగగలిగేవాణ్ని," అన్నాడు.

"తెలుసు."

"తెలిసీ ఎందుకొచ్చావు?"

"నువ్వు పిలిచావుగా."

ఆర్లో గోడ వైపు తిరిగాడు. కొట్టంలో దుమ్ము ఎక్కువగా ఉందన్నాడు. లవాన్ పోయిన రోజు కూడా ఆయన అదే మాట అన్నాడు. ట్వైలాకు అది గుర్తుంది. లేచి వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చేతిని దులుపుకోలేదు.

"ఆ సీసా ఇలా తే. నాలుగింటికి కిటికీ మూసేస్తుందట ఆవిడ. వెళ్లు. సగం ఆవుల్ని అమ్మేస్తాను. మిగిలినవి నాకు సరిపోతాయి," అన్నాడు.

సాయంత్రం కారు వచ్చిన చప్పుడు విని ఆయన పాలగది గుమ్మంలోకి వచ్చాడు. కాగితం ఆమె చేతిలో ఉంది. చూపించబోయింది. అక్కర్లేదన్నాడు. తుడిచిన నల్లబల్ల మూల చూపించి, సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాడు.

"అక్షరం భుజం మీద అంకె ఎక్కి కూర్చుంటుంది చూడు. అదేమిటో నాకు చెప్పు."

"ఇప్పుడా? పాలు తియ్యాలిగా నాన్నా."

"చెప్పు."

ఆమె రాయడం మొదలుపెట్టింది. ఆయనకు మొదటి వరస అర్థమైంది. రెండోది సగమే అర్థమైంది. తర్వాత వచ్చినవి ఏమీ అర్థం కాలేదు. అయినా కదల్లేదు. టోపీ చేత్తో పట్టుకుని, పైకి పైకి పోతున్న ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాడు. వెనక ఆవులు అరవసాగాయి. బ్రాండ్‌వాల్డ్ వాళ్ల కొట్టంలో ఆ సాయంత్రం మొదటిసారి పాలు తియ్యడం ఆలస్యమైంది.